సర్ మోజెస్ మాంటిఫియోరి: దానము, స్వధర్మము

మన పాఠశాలలో వేదపాఠము చదువు బాలబాలికలకు యూదులు క్రొత్తవారు కారు. అబ్రాహాము మొదలుకొని అపొస్తలుడైన పౌలువరకు వారి చరిత్రము మనకు కంఠపాఠము. అయితే అపొస్తలుల కార్యముల గ్రంథము ముగియగానే మనము పుస్తకమును మూసివేయుదుము. ఆ జనులును ఆ పుటలతోనే ముగిసిపోయినట్లు తలంతుము. అది పొరపాటు. క్రీ. శ. 70వ సంవత్సరమున రోమీయులు యెరూషలేము దేవాలయమును కాల్చివేసిన పిమ్మట యూదులు అనేక దేశములకు చెదరిపోయిరి గాని నశింపలేదు. తమకు రాజ్యము లేకున్నను, సైన్యము లేకున్నను, తరుమబడిన చోటునుండి మరియొక చోటికి పోవుచు పదునెనిమిది వందల యేండ్లు ఒక్క జనముగా నిలిచిరి. అట్లు నిలుచుటకు కారణములు పెక్కు గలవు. వారి ప్రార్థన ఒకటి. వారి దానము మరియొకటి.

దానమునకు హెబ్రీభాషలో వాడు మాట సెదాకా. ఆ మాటకు మూలార్థము కనికరము కాదు, నీతి. ఇచ్చువాడు పుచ్చుకొనువానికి ఉపకారము చేయుట లేదు. తాను చెల్లింపవలసిన దానిని చెల్లించుచున్నాడు. పొలము కోయువాడు దాని మూలలను కోయక బీదలకు విడువవలెనని లేవీయకాండములోని ఆజ్ఞ. రూతు బోయజు పొలములో పరిగె యేరుకొన్నది ఆ ఆజ్ఞ వలననే. ఇప్పటికిని అనేక యూదుల గృహములలో ఒక చిన్న పెట్టె యుండును. శుక్రవారము సాయంకాలమున విశ్రాంతిదినపు దీపములను వెలిగించుటకు ముందు తల్లి అందులో నాణెము వేయును. పసిపిల్లలచేత కూడ వేయించును. 1138వ సంవత్సరమున స్పెయినులోని కార్డోవాయందు పుట్టి 1204లో ఐగుప్తునందు మరణించిన మైమోనిడీసు అను మహాపండితుడు దానమునకు ఎనిమిది మెట్లు గలవని వ్రాసెను. మనస్సు లేక ఇచ్చుట అన్నిటికంటె క్రింది మెట్టు. ఎవరు ఇచ్చిరో పుచ్చుకొనువానికిని, ఎవరు పుచ్చుకొనిరో ఇచ్చువానికిని తెలియకుండ ఇచ్చుట చాల పై మెట్టు. చెయ్యి చాపనక్కరలేకుండ బీదవానికి అప్పో, పనియో, వర్తకములో పాలో ఇచ్చి అతనిని తన కాళ్లమీద నిలువబెట్టుట అన్నిటికంటె ఎత్తైన మెట్టు.

ఈ మెట్లను తన జీవితమందు ఎక్కిచూపిన యూదుడొకడు గతించిన శతాబ్దులలో లోకప్రసిద్ధుడై యుండెను. ఆయన నూరేండ్లు బ్రదికెను. ఆయన చరిత్రము మన క్రైస్తవులకు సంతోషకరము మాత్రమే కాదు. కొంత సిగ్గు కలిగించునది కూడ. అందుచేతనే దీనిని మన పత్రికలో వ్రాయుట యుక్తమని తోచినది.

జననము, బాల్యము

మోజెస్ మాంటిఫియోరి 1784వ సంవత్సరము అక్టోబరు 24వ తేదీని ఇటలీదేశమందలి లివోర్నో రేవుపట్టణమున జన్మించెను. మోజెస్ అనగా మన బైబిలులోని మోషే పేరే. తలిదండ్రులు లండను కాపురస్థులు. వారు ఇటలీకి వెళ్లియుండిన కాలమున ఈ శిశువు పుట్టెను. తండ్రి జోసెఫ్ ఎలియాస్ వర్తకుడు. తల్లి రాహేలు మొకాటా అను పేరుగల వంశమునకు చెందినది. స్పెయిను, పోర్చుగలు దేశములనుండి వెడలగొట్టబడిన యూదుల ఆచారములను అనుసరించు సంఘము వారిది.

బాలునికి విశేషమైన చదువు అబ్బలేదు. పిన్నవయస్సుననే బడి మాని, తేయాకును ఇతర సరకులను అమ్ము వర్తకులయొద్ద పని నేర్చుకొనుటకు చేరెను. ఆ కాలపు ఇంగ్లండులో యూదుల స్థితి యెట్టిదో మనము తెలిసికొనవలెను. వారిని ఎవరును తరుమలేదు. అయినను అనేక ద్వారములు వారికి మూయబడియుండెను. పార్లమెంటు సభ్యుడు క్రైస్తవవిశ్వాసము మీద ప్రమాణము చేయవలసియుండెను గనుక 1858వ సంవత్సరమువరకు ఏ యూదుడును అందు కూర్చుండలేకపోయెను. లండను నగరమునందు దళారిపని చేయుటకు యూదులలో పండ్రెండుగురికి మాత్రమే సెలవు ఉండెను. యువకుడైన మాంటిఫియోరి ఆ పండ్రెండుగురిలో ఒకడయ్యెను.

వర్తకము, వివాహము

మొదటనే గొప్ప దెబ్బ తగిలెను. 1806వ సంవత్సరమున ఒక మోసగానిని నమ్మి, తనయందు విశ్వాసముంచి ఇతరులు అప్పగించిన ధనమును పోగొట్టుకొనెను. ఆ నష్టమునుండి తేరుకొనుటకు ఏండ్లు పట్టెను. నమ్మినవాని సొమ్ము పోయిననాడు మనిషికి కలుగు బాధ యెట్టిదో ఆయన ఇరువదిరెండవ యేటనే రుచిచూచెను. తరువాతి కాలమున ఇతరుల ధర్మద్రవ్యము తనచేతికి వచ్చినప్పుడు ప్రతి కాసునకు లెక్క వ్రాయు అలవాటునకు ఈ అనుభవమును కారణమైయుండవచ్చును.

1812వ సంవత్సరమున జూడిత్ కోహెన్ అను కన్యకను వివాహమాడెను. ఆమె పూర్వికులు హాలండు యూదులు; వారి ఆచారములు వేరు. ఒకే మతమువారైనను అట్టి రెండు శాఖలవారు వియ్యమందుట అప్పటి పెద్దలకు అంతగా సమ్మతము కాదు. కులము, శాఖ అను గోడలు మన దేశమునందే యున్నవని తలంపరాదు. ఆ దంపతులకు సంతానము కలుగలేదు గాని వారి అన్యోన్యత ప్రసిద్ధమైనది. ఆమె అనేక భాషలు నేర్చిన విదుషి. భర్తతో ఓడలలోను, గుఱ్ఱములమీదను, మంచుదారులలోను పయనించి, ఆ యాత్రలను దినచర్యగా వ్రాసిపెట్టెను.

జూడిత్ అక్క భర్త నేథన్ రాత్‌షైల్డు అను మహాధనికుడు. ఆయనతో కలిసి మాంటిఫియోరి వర్తకమునందు వృద్ధి పొందెను. 1824వ సంవత్సరమున అలయన్సు అను భీమాకంపెనీని స్థాపించినవారిలో ఆయన యొకడు. యూరపు పట్టణముల వీధులలో గ్యాసుదీపములు వెలిగించు కంపెనీలోను ముఖ్యుడు. నలువదేండ్ల ప్రాయమునకే కావలసినంత ధనమార్జించి, దినదినపు వర్తకమునుండి తొలగెను. ఇంకను ఆర్జించుటకు బలమున్నప్పుడే చాలునని నిలిచిపోవుట ధనికులలో అరుదు. మిగిలిన అరువదేండ్లు ఆయన ఇచ్చుటయందే గడపెను.

ఇచ్చట ఒక సంగతి దాచరాదు. ఇంగ్లండు 1833లో తన వలసరాజ్యములలోని దాస్యమును రద్దుచేయుచు చట్టము చేసినప్పుడు, దాసుల యజమానులకు 2 కోట్ల పౌనుల పరిహారమిచ్చుటకు ఒప్పుకొనెను. అందుకై 1835లో ప్రభుత్వమునకు 1 కోటి 50 లక్షల పౌనుల అప్పును సమకూర్చినవారు రాత్‌షైల్డు, మాంటిఫియోరులు. దాస్యము పోయినది, మేలే. గాని ఆ ధనములో దాసులకు ఒక కాసైనను ముట్టలేదు, అంతయు యజమానులకే చేరినది. మంచివారి లెక్కపుస్తకములందును ఇట్టి పుటలుండును.

యెరూషలేము యాత్ర

1827వ సంవత్సరమున ఆ దంపతులు యెరూషలేమునకు బయలుదేరిరి. అప్పుడు గ్రీకులకును తురుష్కులకును యుద్ధము జరుగుచుండెను. సముద్రమునందు దొంగల భయము. ఓర్చుకొని వెళ్లి చూడగా, దావీదు ఏలిన నగరమున తమ జనులు తినుటకు లేక, పరదేశములనుండి వచ్చు ధర్మముమీద ఆధారపడి బ్రదుకుచుండిరి. ఆ యాత్రతో మాంటిఫియోరి జీవితము మారెను. అప్పటినుండి విశ్రాంతిదినమును, ఆహారనియమములను, నిత్యప్రార్థనలను ఏమాత్రము తప్పక పాటింపసాగెను.

1831లో ఇంగ్లండు తూర్పుతీరమందలి రాంస్‌గేటు అను ఊరిలో ఒక గృహము కొని, 1833లో దాని సమీపమున ఒక సమాజమందిరమును కట్టించెను. ఊరిలోని క్రైస్తవులైన బీదలును ఆయన ధర్మమునకు పాత్రులే. విక్టోరియా రాకుమారి తల్లితో ఆ ఊరికి వచ్చినప్పుడు తన తోటలో స్వేచ్ఛగా విహరించుటకు ఆమెకు తాళపుచెవిని ఇచ్చెను. 1835లో ఇంగ్లండునందలి యూదుల ప్రతినిధిసభకు అధ్యక్షుడై, నడుమ కొద్దికాలము తప్ప 1874వరకు ఆ భారమును మోసెను.

షెరీఫు పదవి

1837వ సంవత్సరమున మాంటిఫియోరి లండను నగరమునకు షెరీఫుగా ఎన్నుకోబడెను. అది గొప్ప గౌరవపదవి. అధికారము స్వీకరించి ఊరేగింపుగా వెళ్లవలసిన దినము సెప్టెంబరు 30. ఆ దినము యూదుల సంవత్సరాది. మరియు శనివారము, అనగా విశ్రాంతిదినము. అట్టి దినమున యూదుడు బండి యెక్కరాదు. తోడివారు అలంకరించిన రథములలో పోవుచుండగా తాను కాలినడకను పోవలసివచ్చునని ఆయనకు తెలియును. నగరమంతయు చూచి నవ్వునేమోయని ఆయన వెనుదీయలేదు. పదవికొరకు నియమమును విడువనులేదు, నియమముకొరకు పదవిని విడువనులేదు. విందులలోను అంతే. గొప్ప గొప్ప భోజనములమధ్య తన ధర్మశాస్త్రప్రకారము సిద్ధపరచిన ఆహారమునే భుజించెను.

అదే సంవత్సరము నవంబరు 9వ తేదీని, క్రొత్తగా పట్టాభిషిక్తురాలు కావలసియున్న విక్టోరియా రాణి నగరమును దర్శింపవచ్చి, ఆయనకు సర్ అను బిరుదము నిచ్చెను. ఒకప్పుడు తోట తాళపుచెవి నందుకొనిన బాలిక చేతిమీదుగానే ఆ గౌరవము లభించెను. తన ఆచారములను దాచి పెద్దవాడైన వానికంటె, వానిని అందరు చూచుచుండగా పాటించి పెద్దవాడైన వానిని లోకము ఎక్కువగా గౌరవించునని ఇందువలన తెలియుచున్నది.

దమస్కు నగరపు అపవాదు

1840వ సంవత్సరము ఫిబ్రవరినెలలో దమస్కు నగరమున టామస్ అను ఒక కథోలిక సన్యాసియు, ఆయన పరిచారకుడును కానరాకపోయిరి. వారిని యూదులు చంపి, ఆ రక్తమును తమ పస్కాపండుగకు వాడుకొనిరని ఒక వదంతి లేచెను. మోషే ధర్మశాస్త్రము పశురక్తమునైనను తినరాదని నిషేధించినది. ఆ శాస్త్రమును చదివిన క్రైస్తవులే ఈ కల్ల మాటను శతాబ్దులుగా యూరపుదేశమంతట చెప్పుకొనుచు వచ్చిరి. దమస్కునందలి ఫ్రెంచి కాన్సలు ఆ వదంతిని బలపరచెను. నగరములోని యూదులలో పెద్దలైనవారిని చెరపట్టి కొరడాలతో కొట్టిరి. చిన్నపిల్లలను తల్లులయొద్దనుండి లాగికొని నిర్బంధించిరి. చిత్రహింసలకు తాళలేక కొందరు చేయని నేరమును ఒప్పుకొనిరి. కొందరు ప్రాణములే విడిచిరి.

ఆ వార్త లండను చేరగానే, ఏబదియైదేండ్ల మాంటిఫియోరి భార్యతో బయలుదేరెను. ఫ్రాన్సునుండి క్రెమియూ అను న్యాయవాదియు తోడైవచ్చెను. అప్పుడు సిరియాదేశము ఐగుప్తు పాలకుడైన మహమ్మదు ఆలీ చేతిలో నుండెను. ఆగష్టునెలలో అలెగ్జాండ్రియా చేరి, ఆయన దర్బారున మరల మరల విన్నవించుకొనిరి. తుదకు ఆగష్టు నెలాఖరున, బ్రదికియున్న తొమ్మండుగురు ఖైదీలను విడువవలసినదని ఉత్తరువు పుట్టెను. అయితే ఆ ఉత్తరువులో క్షమాపణ అను అర్థమిచ్చు మాట యుండెను. తప్పు చేసినవానికి గదా క్షమాపణ! ఖైదీలు విడుదలయైనచో చాలునని సంతోషింపక, ఆ మాటను తీసివేసి విడుదల అను మాటనే వ్రాయింపవలెనని వారు పట్టుపట్టిరి. అట్లే వ్రాయబడెను. ప్రాణము దక్కిన చాలదు, పేరుకూడ దక్కవలెనని వారి తలంపు. దానము అన్నమునకు మాత్రమే సంబంధించినది కాదు. అపనింద మోయువానికి మానమును తిరిగి యిచ్చుటయు దానమే.

మాంటిఫియోరి అంతటితో ఇంటికి మరలలేదు. కాన్‌స్టాంటినోపులు నగరమునకు పోయి, సుల్తాను అబ్దుల్ మజీదు దర్శనము చేసికొని, నవంబరు 6వ తేదీ గల ఒక ఫర్మానాను సంపాదించెను. యూదులపై మోపబడు రక్తాపవాదము నిరాధారమనియు, వారి గ్రంథములు పశురక్తమునే నిషేధించుచున్నవనియు, అందుచేత ఈ నెపమున వారిని బాధింపరాదనియు ఆ ఫర్మానా ప్రకటించెను. మరుసటి యేడు విక్టోరియా రాణి ఆయన వంశచిహ్నమునకు క్రొత్త గౌరవములను చేర్చుకొను అధికారమిచ్చెను. ఆ చిహ్నముపై యెరూషలేము అను మాట హెబ్రీ అక్షరములలో నున్నది.

ఆ కల్ల మాత్రము చావలేదు. అది మరల మరల తల యెత్తుచునే యుండెను. ఇరువదవ శతాబ్దమున జర్మనీలో నాజీలు దానిని తిరిగి ప్రచురించిరి; వారిచేత 60 లక్షల యూదులు చంపబడిరి. వదంతిని విచారింపక నమ్ముట చిన్న తప్పని ఏ విద్యార్థియు తలంపకుండుగాక.

రుష్యా, యెరూషలేమందలి పని

1846వ సంవత్సరమున మాంటిఫియోరి, జూడిత్ దంపతులు మంచులో పయనించి రుష్యా రాజధానికి పోయిరి. సరిహద్దునకు సమీపమున నివసించు యూదులను వెడలగొట్టవలెనని అచ్చటి ప్రభుత్వము ఆజ్ఞాపించియుండెను. జారు చక్రవర్తి మొదటి నికొలసు ఆయనను మర్యాదగా చూచెను గాని ఫలితము స్వల్పము. ఆ సంవత్సరమే ఇంగ్లండు ప్రభుత్వము ఆయనకు బారనెట్ అను వంశపారంపర్యపు బిరుదము నిచ్చెను.

ఆయన హృదయము ఎల్లప్పుడు యెరూషలేమునందే యుండెను. మొత్తము ఏడుమారులు ఆ దేశమునకు వెళ్లెను. 1839లో అచ్చట మారీవ్యాధి వ్యాపించియుండగా ఒలీవలకొండమీద గుడారములు వేసికొని నిలిచెను. అన్ని ఊళ్లలోని యూదులను, వారి వృత్తులను, కుటుంబములను లెక్క వ్రాయించెను. బీదలకు ధనము పంచుట సులువు. వారెవరో, వారికేమి చేతనగునో తెలిసికొనుట కష్టము. ఆయన రెండవదానితో ఆరంభించెను. 1841లో బేత్లెహేము దారిలోనున్న రాహేలు సమాధిని బాగుచేయించెను. యెరూషలేమునకు వైద్యుని, మందులను, అచ్చుయంత్రమును పంపెను. నేతపని నేర్పించెను. ఆడపిల్లలకు పాఠశాల పెట్టించెను. యొప్పే పట్టణముచెంత నారింజతోట కొనెను. ఇందులో కొన్ని పనులు నిలిచినవి, కొన్ని చెడినవి. చెడినప్పుడు చేతులు ముడుచుకొనక మరియొకటి మొదలుపెట్టెను.

1854లో అమెరికాయందు న్యూ ఆర్లియన్సు నగరమున జూడా టూరో అను యూదవర్తకుడు మరణించుచు, తన ఆస్తిని యూదుల ధర్మములకును, క్రైస్తవుల ధర్మములకును పంచెను. అందులో 50,000 డాలర్లు యెరూషలేము బీదలకు ఉపయోగపరచు భారమును మాంటిఫియోరిపై నుంచెను. ఆ ధనముతో నగరపు గోడకు వెలుపల, హిన్నోము లోయ కెదుట, బీదలకై ఇండ్లవరుస కట్టబడెను. 1860లో పూర్తియైన ఆ నివాసములకు యెషయా గ్రంథమునుండి తీసిన మిష్కెనోత్ షాననీమ్ అను పేరు పెట్టిరి. నిశ్చింతగా వసించు స్థలములని దాని భావము. ఆ కాలమున రాత్రి కోటగోడకు వెలుపల నుండుటయనగా దొంగల భయము. పగలు క్రొత్త ఇండ్లలో నుండి, చీకటి పడగానే గోడలోపలికి పరుగెత్తిపోయినవారు తొలిదినములలో చాలమంది. గాని క్రమముగా భయము తీరెను. నేడు గోడవెలుపల విస్తరించిన యెరూషలేమునకు ఆ చిన్న ఇండ్లవరుసయే నాంది.

దానిచెంతనే ఆయన 1857లో ఒక గాలిమర కట్టించెను. యంత్రభాగములను ఇంగ్లండులోని కాంటర్‌బరీ పనివారు చేసిరి. ఓడలమీద యొప్పేకు, అచ్చటనుండి ఒంటెలమీద కొండదారిని అవి యెరూషలేము చేరెను. బీదలు తక్కువ వెలకు పిండి విసరించుకొని, ఆ పనివలన కొందరికి జీవనమును కలుగవలెనని ఉద్దేశము. మైమోనిడీసు చెప్పిన ఎనిమిదవ మెట్టు అదియే. ఆ మర కొన్నియేండ్లే ఆడెను. ఆవిరిమరలు వచ్చినపిమ్మట నిలిచిపోయెను. 2012వ సంవత్సరమున దానిని మరల ఆడునట్లు బాగుచేసిరి.

రోమునగరమున నిరాశ

ఇప్పుడు మనము విచారముతో చదువవలసిన భాగమునకు వచ్చితిమి. 1858వ సంవత్సరము జూన్ నెలలో ఇటలీయందలి బొలోన్యా పట్టణమున పోపు ప్రభుత్వపు రక్షకభటులు మోర్టారా అను యూదుని యింటికి వచ్చి, ఎడ్గార్డో అను ఆరేండ్ల బాలుని తలిదండ్రుల చేతులలోనుండి తీసికొనిపోయిరి. ఆ బిడ్డ శిశువై జబ్బుపడియుండగా క్రైస్తవురాలైన పనికత్తె ఎవరికిని తెలియకుండ బాప్తిస్మమిచ్చినదట. బాప్తిస్మము పొందిన బిడ్డ యూదుల యింట పెరుగరాదని ఆ రాజ్యపు శాసనము. తల్లి యేడ్పు నెవరును వినలేదు.

1859లో డెబ్బదినాలుగేండ్ల మాంటిఫియోరి రోమునగరమునకు వెళ్లెను. పోపు తొమ్మిదవ పయసు ఆయనకు దర్శనమీయలేదు. కార్డినలు ఆంటొనెల్లి విన్నపమును పుచ్చుకొనెను. బిడ్డను మాత్రము ఇయ్యలేదు. ముసలివాడు వట్టిచేతులతో మరలెను. ఆ బాలుడు తలిదండ్రులకు దూరముగా పెరిగి, సన్యాసియై, 1940లో మరణించెను. మనము ఏ సంఘమునకు చెందినవారమైనను, క్రీస్తు నామమున తల్లినుండి బిడ్డను వేరుచేసిన యీ కార్యమును సమర్థింపజాలము. చిన్నబిడ్డలను యెత్తి కౌగిలించుకొనిన ప్రభువు తాను యూదురాలి కుమారుడే గదా.

1860వ సంవత్సరము

మరుసటి యేడు వేసవిలో లెబానోను కొండలలో ఘోరమైన కల్లోలము పుట్టెను. డ్రూజులకును అచ్చటి క్రైస్తవులకును నడుమ లేచిన పోరాటమున గ్రామములు తగులబడెను. వేలకొలది క్రైస్తవులు చంపబడిరి. విధవలును అనాథలును సముద్రతీరమునకు పారిపోయి ఆకలితో మాడుచుండిరి. జూలైనెలలో ఆ మంట దమస్కునకును ప్రాకి, అచ్చటి క్రైస్తవుల వీధులను దహించెను. ఆ కొండలలోని క్రైస్తవులలో అనేకులు మారోనీయులు, అనగా రోము సంఘముతో ఐక్యముగలవారు.

లెబానోను వార్తలు ఇంగ్లండునకు అందగానే, మాంటిఫియోరి టైమ్సు పత్రికకు ఒక ఉత్తరము వ్రాసెను. సిరియాలోని ఆ దిక్కులేని క్రైస్తవులకై వెంటనే చందా యెత్తవలెనని అందు ప్రార్థించి, తనవంతుగా 200 పౌనులు ముందుగా పంపెను. ఒక సంఘము ఏర్పడెను. ఆయనయే దాని పనిని నడపెను. 20,000 పౌనులకు మించిన ద్రవ్యము పోగుపడి, ఆ బాధితులకు చేరెను.

చదువరులారా, ఇచ్చట ఒక క్షణము నిలిచి ఆలోచింపుడు. ఇరువదియేండ్లకు పూర్వము దమస్కునందు ఆయన జనులపై రక్తాపవాదము మోపినవారు క్రైస్తవులు. ఒక సంవత్సరమునకు పూర్వము రోమునందు ఆయనను వట్టిచేతులతో పంపినవారు క్రైస్తవులు. ఆయన ఆ లెక్కలను తీయలేదు. వారు క్రైస్తవులు గనుక నేమి, వారు రోము సంఘమువారు గనుక నేమి, ఆకలిగొన్న విధవ విధవయే అని యెంచెను. తాను యూదుడనన్న సంగతిని మరచి ఆయన యీ పని చేయలేదు. తాను యూదుడు గనుకనే చేసెను. పరదేశిని ప్రేమింపవలెను, ఏలయనగా ఐగుప్తులో మీరును పరదేశులై యుంటిరని మోషే ధర్మశాస్త్రము బోధించుచున్నది. అది ఆయన దినదినము చదువుకొను శాస్త్రము. గాయపడిన యూదుని విషయమై ప్రభువు చెప్పిన ఉపమానములో మేలు చేసినవాడు సమరయుడు. ఈ కథలో గాయపడినవారు క్రైస్తవులు; మేలు చేసినవాడు యూదుడు.

తుదిదినములు

1862 సెప్టెంబరులో, యూదుల సంవత్సరాదికి ముందునాడు, జూడిత్ దొరసాని పరలోకగతురాలయ్యెను. వారి కాపురము ఏబదియేండ్లది. ఆమెను రాంస్‌గేటునందు పాతిపెట్టి, బేత్లెహేముచెంత తాము బాగుచేయించిన రాహేలు సమాధిని పోలిన కట్టడమును కట్టించెను. ఆమె పేరట పండితులు నివసించి ధర్మశాస్త్రము చదువుకొను విద్యాలయమును స్థాపించెను.

దుఃఖము ఆయనను ఇంట కూర్చుండనియ్యలేదు. 1863లో డెబ్బదితొమ్మిదవ యేట మొరాకోదేశమునకు వెళ్లి, అచ్చటి యూదులకు న్యాయము జరుగునట్లు సుల్తానునొద్ద శాసనము పొందెను. 1872లో మరల రుష్యాకు పోయెను. 1875లో, తొంబదియేండ్ల వృద్ధుడై, ఏడవమారు యెరూషలేమును చూచివచ్చెను.

ఆయనయందు లోపములు లేవని చెప్పుట సత్యము కాదు. 1840 ప్రాంతమున లండను యూదులలో కొందరు ప్రార్థనావిధిని మార్చుకొని వేరు సంఘము స్థాపించిరి. వారిలో ఆయన సొంత తమ్ముడు హొరేషియో కూడ నుండెను. ప్రతినిధిసభకు అధ్యక్షుడుగా మాంటిఫియోరి వారిని యేండ్లతరబడి గుర్తింపకుండ అడ్డుపడెను. రాజులయొద్ద తనవారికై అడిగిన ఓర్పును, తనవారిలో తనకు భిన్నముగా తలంచినవారికి ఇయ్యలేకపోయెను. దూరపువానిని సహించుట సులువు. ఇంటివాని భేదమును సహించుట కష్టము. ఇదియు మనము నేర్వదగిన పాఠమే.

1884లో ఆయనకు నూరేండ్లు నిండెను. అనేక దేశములందలి యూదులు సమాజమందిరములలో స్తోత్రములు చెల్లించిరి. రాంస్‌గేటునందు క్రైస్తవులును ఉత్సవము చేసిరి. 1885వ సంవత్సరము జూలై 28వ తేదీని తన గృహమున ప్రశాంతముగా కన్నుమూసెను. భార్య ప్రక్కనే ఆయన దేహము విశ్రమించుచున్నది.

ఆయననుగూర్చి యూదుల యిండ్లలో చెప్పుకొను కథ యొకటి గలదు. ఆయన ఆస్తి యెంతయని ఒకరు అడుగగా, తాను అంతవరకు ధర్మము చేసిన మొత్తమును చెప్పెనట. అంత తక్కువా యని అడిగినవాడు ఆశ్చర్యపడగా, చేతిలోనున్న ధనము రేపు పోవచ్చును, ఇచ్చివేసిన ధనము మాత్రమే నిశ్చయముగా తనదని బదులు చెప్పెనట.

బాలబాలికలారా, మనలో ధనికులు కొద్దిమంది. గాని మన సంఘములలో తల్లులు ప్రతిదినము ఎసటిలో బియ్యము పోయుటకు ముందు దేవునికొరకు పిడికెడు బియ్యము తీసిపెట్టుట మీరు చూచియున్నారు. ఆ పిడికెడు వండి తినగా మిగిలినది కాదు, ముందుగా తీసిపెట్టినది. యూదుల యింటి చిన్న పెట్టెకును, మన యింటి పిడికెడు బియ్యపు కుండకును భావమొక్కటే: ఇది నేను వేయు భిక్షము కాదు, నేను చెల్లింపవలసిన బాకీ. ఈ పాఠశాలలో క్రైస్తవులు, హిందువులు, మహమ్మదీయులు ఒకే బల్లమీద కూర్చుండి చదువుచున్నారు. ఎవరును తమ ఇంటి ప్రార్థనకు సిగ్గుపడనక్కరలేదు. ఎవరును ప్రక్కవాని ఆకలికి అతని మతమేదియని అడుగనక్కరలేదు. తన నియమమును విడువక కాలినడకను పోవుటకు వెనుదీయని ఆ షెరీఫే, తనవారిని నిందించినవారి బిడ్డలకై అందరికంటె ముందుగా చందా వేసెను.